ఉండిపోయిన అత్త

పోయిన ఏడాది కార్తీకమాసంలో మా మేనత్త పోయింది. 71 ఏళ్ళు. పెద్దకార్యం కార్డు వేయించడానికి నాన్నా నేనూ భీమవరంలో ఒక ప్రెస్సుకి వెళ్ళాం. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడి దగ్గర నమూనాలు సిద్ధంగా ఉన్నాయి. మగవాళ్ళకి ఒకటి, ఆడవాళ్ళకి రెండు. భర్త ఉండగా పోయినవాళ్ళకి పసుపు కుంకుమ భరిణెల బొమ్మ, భర్త పోయాక పోయినవాళ్ళకి దీపం బొమ్మ. "ఆయ్, భర్తగారి పేరెక్కడ వెయ్యమంటారండీ?" అన్నాడా కుర్రాడు. నాన్న కాస్త తడబడి, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు, "పెళ్ళి కాలేదు బాబూ" అన్నాడు. కుర్రాడు కాసేపు ఆలోచించి దీపం బొమ్మ ఉన్నదే తీసుకున్నాడు. పేరు ముందున్న 'శ్రీమతి' చెరిపేసి 'కుమారి' అని కొట్టాడు. 35 ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, మోకాళ్ళ నొప్పులతో, బీపీ మాత్రలతో, తెల్లబడ్డ జుట్టుతో పోయిన మనిషి కుమారి.

"వేరే మాటేదైనా చెప్పండి, మార్చేస్తాను" అన్నాడు పాపం. తెలుగు సాహిత్యంలో డాక్టరేటు ఉన్న నాకు వేరే మాట తట్టలేదు. శ్రీమతి అంటే శ్రీ కలిగినది అనే అర్థం, దానికి భర్తతో పనిలేదని చెప్పబోయి నాన్న ముఖం చూసి ఊరుకున్నాను. ఉత్త పేరొక్కటే వేస్తే సరిపోయేదని ఇంటికొచ్చాక తోచింది. అప్పటికి కార్డులు అచ్చయిపోయాయి.

అప్పట్నించీ ఆ మాట ఎందుకు దొరకలేదా అని ఆలోచిస్తున్నాను. మన భాషలో 'పెళ్ళి కాని పిల్ల' ఉంది. పాతికేళ్ళప్పుడూ పిల్లే, యాభై ఏళ్ళప్పుడూ పిల్లే. పెళ్ళయితే పదహారేళ్ళదైనా ఇల్లాలవుతుంది, మనిషవుతుంది. 'గుండెల మీద కుంపటి' అనే మాట ఉంది. కుంపటి వేడి తండ్రి గుండెలకి. కుంపటికి ఎలా ఉంటుందో ఆ నుడికారం అడగదు. అన్నిటికంటే ఎక్కువగా మా వైపు వినపడేది 'ఉండిపోయింది' అనే క్రియ. 'ఆవిడ అలా ఉండిపోయిందమ్మా.' రైలు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం మీద సామాను ఉండిపోయినట్టు. ఈ మాటలో ఆమె చేసిన పని ఏమీ లేదు. చదువుకుంది, ఉద్యోగం చేసింది, ఇల్లు కట్టింది అన్నప్పుడు కర్త ఆమే. పెళ్ళి దగ్గరికొచ్చేసరికి వ్యాకరణం కూడా ఆమె చేతిలోంచి జారిపోతుంది.

ఇది తెలుగువాళ్ళ జబ్బు మాత్రమే అనుకోనక్కర్లేదు. మలయ్ భాషలో 'అందర్తు' అనే మాట ఉంది. 'అనక్ దారా తువా' అనే మూడు మాటల్ని కుదించి చేసిన మాట, ముసలి కన్య అని అర్థం. అక్కడి సమాజంలో చదువుకుని ఉద్యోగాలు చేస్తున్న ఆడవాళ్ళు దాన్ని వేళాకోళంగానూ పడాలి, సలహాగానూ పడాలి. చైనాలో 2007లో 'షెంగ్‌నూ' అనే మాట ప్రభుత్వ గుర్తింపుతో చలామణిలోకి వచ్చింది. మిగిలిపోయిన స్త్రీలు అని. కంచంలో మిగిలిన అన్నానికి వాడే మాటే అది. మా భీమవరం 'ఉండిపోయింది'కి అది తోడబుట్టినదే.

మరి పెళ్ళి కాని మగాడి సంగతి? 2004లో 'మల్లీశ్వరి' సినిమా వచ్చినప్పట్నించీ పెళ్ళికాని ప్రసాద్ మన అందరికీ ఆత్మబంధువైపోయాడు. మాటలు రాసిన త్రివిక్రమ్ మా ఊరివాడే. 2025లో అదే పేరుతో ఇంకో సినిమా కూడా వచ్చింది. ప్రసాద్‌ని చూసి జనం నవ్వుతారు, ఆ నవ్వులో ఆప్యాయత ఉంటుంది, వాడికో సంబంధం దొరికితే బాగుండుననుకుంటారు. 'పెళ్ళికాని పద్మ' అని ఎవరైనా తీసి ఉంటే అది హాస్యచిత్రం అయ్యేదా అని ఒక క్లాసులో అడిగాను. వెనక బెంచీ అమ్మాయి "అది సీరియల్ అవుతుంది మేడమ్" అంది.

మా డెల్టాలో ఈ చూపుకి ఒక చరిత్ర ఉంది. దాన్ని వదిలేసి కథల్లోకి వెళితే ఏదీ సరిగ్గా అర్థం కాదు. వీరేశలింగం పంతులు 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించాడు. గోదావరి జిల్లాల సంస్కరణ సాహిత్యమంతా వితంతువు చుట్టూ తిరిగింది. అది సహజమే. అగ్రకులాల్లో రజస్వల కాకముందే పెళ్ళిళ్ళు చేసే రోజుల్లో పెళ్ళికాని వయసొచ్చిన స్త్రీ అనే మనిషికి ఉండే వీలే లేదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారికి 'ఇల్లుపట్టిన వెధవాడపడుచు' అనే కథ ఉంది. పుట్టింట్లో ఉండిపోయిన ఆడపడుచు అంటే ఆయన కాలానికి విధవే. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ నుంచి అమలయింది. ఆ తర్వాత ఆడపిల్లల బళ్ళు, ట్రైనింగు స్కూళ్ళు, నర్సు ఉద్యోగాలు పెరిగాకే ఈ కొత్త మనిషి కనపడటం మొదలైంది. అంతకు ముందు మన జనం చూసిన పెళ్ళికాని గౌరవనీయ స్త్రీలు బహుశా మిషనరీ దొరసానులే. 1883లో గుంటూరు వచ్చి 1930లో చనిపోయేదాకా అక్కడే వైద్యం చేసిన అన్నా కుగ్లర్ లాంటివాళ్ళు. వాళ్ళని జనం గౌరవించారు గానీ తమ ఆడపిల్లలతో పోల్చుకోలేదు. దొరసానుల సంగతి వేరు.

అయితే డెల్టాలో పెళ్ళి చేసుకోని తెలుగు స్త్రీలు అసలు లేరనడం అబద్ధం. మురమండలోనూ పెద్దాపురంలోనూ కళావంతుల ఇళ్ళలో ఆడవాళ్ళు పెళ్ళి లేకుండానే తరతరాలుగా బతికారు. సంగీతం, నాట్యం, చదువు, ఆస్తి వాళ్ళ చేతుల్లో ఉండేవి. 1947 మద్రాసు చట్టం దాకా జరిగిన సంస్కరణోద్యమం వాళ్ళ వృత్తితో పాటు వాళ్ళ పరువునీ తీసేసింది. పెళ్ళి లేని స్త్రీకి మన భాషలో అప్పటికే ఉన్న పేరు 'సాని'. అది తిట్టయి కూర్చుంది. మా అత్త 1970లలో ఉద్యోగానికి వెళ్ళడం మొదలుపెట్టినప్పుడు వీధి ఆమెను చదవడానికి ఆ రెండు పాత పుస్తకాలే తీసింది. ఒకటి విధవ, రెండోది సాని. జాలి కలిగితే మొదటిది, అనుమానం వస్తే రెండోది. మా ఇంటి పేరంటాల్లో ఆమెకి బొట్టు పెట్టాలా వద్దా అని ఆడవాళ్ళు ఒక్క క్షణం ఆగడం నేను చిన్నప్పుడు చాలాసార్లు చూశాను. అట్లతద్దికి ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషిని కన్నెపిల్లల వరసలో కూర్చోబెట్టి ఉయ్యాల ఊగమనడమూ చూశాను. అత్త ఊగేది. ఆమెకి ఉయ్యాలంటే ఇష్టం.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నా వాదనే ఒంటికాలి మీద నిలబడుతుంది. పెళ్ళి లేకపోవడం అందరికీ స్వేచ్ఛ కాదు. తెలంగాణలో దళిత ఆడపిల్లల్ని జోగినులుగా దేవతకి ఇచ్చేశాక పెళ్ళి లేకుండా చేసింది ఊరే. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం తేవలసి వచ్చింది. 'నల్లపొద్దు' (2003) సంకలనంలోని రచనలు చదివినవాళ్ళకి, ఒంటరి స్త్రీ అనగానే చదువుకున్న ఉద్యోగిని గుర్తురావడం ఎంత కులం ఉన్న అలవాటో తెలుస్తుంది. నేను రాస్తున్నది కొంచెం భూమి, కొంచెం చదువు ఉన్న ఇళ్ళలో ఉండిపోయిన ఆడవాళ్ళ గురించి. దీన్ని అంతవరకే తీసుకోవాలని మనవి.

ఇక కథల్లోకి. 1950ల చివర 'తెలుగు స్వతంత్ర'లో డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' రాసింది. 1961లో, చిన్న వయసులోనే ఆమె చనిపోయింది. ఇందిర లాంటి పాత్ర అంతకు ముందు మనకు లేదు, తర్వాత కూడా ఎంతమంది ఉన్నారో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఉద్యోగం చేస్తుంది, కూతురి జీతం మీద బతికే తండ్రిని పోషిస్తుంది, తనకి కావలసింది దాచుకోకుండా అడుగుతుంది. ఎంఏలో మొదటిసారి చదివినప్పుడు నేను ఇందిరని పెళ్ళి వద్దనుకున్న మనిషిగా గుర్తుపెట్టుకున్నాను. పదేళ్ళ తర్వాత మళ్ళీ తీస్తే, ఆమె కూడా చివరికి కృష్ణమూర్తితో పెళ్ళి అనే రేవుకే చేరుతుంది. తన షరతుల మీద చేరుతుంది, నిజమే. కానీ నా జ్ఞాపకం ఎందుకు ఆ ముగింపుని చెరిపేసింది? నాకు కావలసిన కథ అక్కడ లేకపోతే నేనే రాసుకున్నానన్న మాట.

1960ల మధ్యలో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'తో ఉద్యోగం చేసే ఆడపిల్ల ఇంటింటికీ వచ్చింది. జయంతి ఆత్మాభిమానాన్ని తీసిపారేసే విమర్శకులతో నాకు పేచీ ఉంది. మా అత్త తరం ఆడవాళ్ళకి హ్యాండ్‌బ్యాగు వేసుకుని బస్సెక్కే ధైర్యం కొంత ఆ నవలలే ఇచ్చాయి. అయితే ఆ నవలల్లో పెళ్ళికాకపోవడం ఒక గది కాదు, వసారా. లోపలికి పిలిచేదాకా కూర్చునే చోటు. పిలుపు వస్తుందని పాఠకురాలికి మొదటి పేజీలోనే తెలుసు. రాజశేఖరం రాకపోతే జయంతి నలభయ్యో ఏట ఏం చేస్తూ ఉండేది? నవలకి ఆ ప్రశ్నే తెలీదు.

ఆ ప్రశ్నకి దగ్గరగా వెళ్ళింది 1976లో వచ్చిన 'అంతులేని కథ'. బాలచందర్ తమిళంలో అంతకు రెండేళ్ళ ముందు తీసినదే. మన రాజమండ్రి అమ్మాయి జయప్రద సరిత. సన్యాసుల్లో కలిసిన తండ్రి, తాగుబోతు అన్న, విధవ చెల్లెలు, అందరూ ఆమె జీతం మీదే. ప్రేమించినవాణ్ణి విధవ చెల్లెలికిచ్చి చేస్తుంది. తన పెళ్ళి పీటల దాకా వచ్చినప్పుడు అన్న హత్యకి గురవుతాడు. ఆ వరుణ్ణి ఇంకో చెల్లెలికి ఇచ్చేసి ఆమె మళ్ళీ ఉద్యోగానికి బయల్దేరుతుంది. స్త్రీవాద విమర్శ ఈ సినిమాని త్యాగమయి మూస అని కొట్టేసింది. నేనూ అలాగే కొట్టేశాను, నా థీసిస్‌లో ఒక ఫుట్‌నోట్‌లో. ఇప్పుడు నాకు అంతకంటే వేరే విషయం కనిపిస్తోంది. సరిత పెళ్ళి చేసుకోకపోవడానికి ఆ సినిమా ఎన్ని కారణాలు పోగు చేసిందో చూడండి. ఒక్కటి సరిపోదు. తండ్రి పారిపోవాలి, అన్న తాగాలి, చెల్లెలికి మొగుడు పోవాలి, చివరికి ఒక హత్య కూడా జరగాలి. ఒక ఆడది పెళ్ళి చేసుకోకుండా ఉండిపోతే మన మనసు ఒప్పుకోవడానికి ఇంత సరంజామా కావలసి వచ్చింది.

ఇదే నేను చెప్పదలుచుకున్నది. మన కథల్లో పెళ్ళి చేసుకోని స్త్రీలు లేకపోలేదు. కారణం లేకుండా పెళ్ళి చేసుకోని స్త్రీ నేను చదివినంతలో చాలా చాలా అరుదు. కట్నం లేక, తండ్రి లేక, ప్రేమించినవాడు మోసం చేసి, తమ్ముళ్ళ చదువుల కోసం, ఏదో జబ్బు వల్ల. కథకుడో కథకురాలో ముందుగా ఆ కారణాన్ని మన చేతిలో పెట్టాకే ఆమెని గుమ్మంలోకి రానిస్తారు. పెళ్ళి చేసుకున్న పాత్రని ఎందుకు చేసుకున్నావని ఏ కథా అడగదు. ఊళ్ళో అమ్మలక్కలు అడిగే ప్రశ్నే సాహిత్యం కూడా అడుగుతోంది, కాస్త మర్యాదగా.

స్త్రీవాదం వచ్చాక మారిందా? ఇక్కడే నాకు ఇబ్బంది మొదలవుతుంది. ఎందుకంటే నేను పెరిగింది ఆ పుస్తకాల్లోనే, నా భాష వాళ్ళిచ్చిందే. ఓల్గా 'స్వేచ్ఛ' (1987) అరుణ పెళ్ళి చేసుకుని, ఊపిరాడక, బయటికి వస్తుంది. 'నీలిమేఘాలు' (1993) సంకలనం తిరగేస్తే వంటిల్లు, ప్రసవం, గర్భస్రావం, పడకగది, భర్త. అవన్నీ రాయవలసినవే. అంతకు ముందు ఎవరూ రాయనివే. కానీ మన స్త్రీవాద కథానాయిక గడప దాటి వెళ్ళే మనిషి. దాటడానికి ముందు ఆమె గడప లోపలికి వచ్చి ఉండాలి. మెట్టినింటి గడపే తొక్కని మనిషికి ఏ విముక్తి కథ ఇవ్వాలో మనకి తోచలేదు. ఆమె ఇంకా బాధితురాలు కాలేదు గనక విముక్తురాలూ కాలేదు.

'విముక్త' (2010) కథల్లో సీత అడవిలో శూర్పణఖని కలుసుకుంటుంది. ముక్కుచెవులు పోయిన శూర్పణఖ కోపాన్ని జయించి పూలతోట పెంచుకుంటూ ఉంటుంది. స్త్రీ జీవితానికి సార్థకత పురుషుడితో ఉన్న సంబంధంలో లేదని తెలుసుకున్నానంటుంది. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చినప్పుడు నేను పొంగిపోయినదాన్నే. అయినా చెప్పాలి. ఆ తెలివిడి కలిగాక ఆమెకి సుధీరుడి సాహచర్యం దొరికిందని కథ చెబుతుంది. అతను ఎంత మంచివాడైనా కానివ్వండి, తోటలో మొక్కలు సరిపోలేదా అనిపిస్తుంది నాకు. పాఠకులు ఆమెని నమ్మడానికి పక్కన ఒక మగమనిషి సాక్ష్యం అవసరమైందేమో. అబ్బూరి ఛాయాదేవి 'తన మార్గం' ముసలి తల్లి ఒంటరిగా ఉంటానని నిశ్చయించుకోవడం నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. కానీ ఆమె కూడా పెళ్ళి, పిల్లలు, బాధ్యతలు అన్నీ తీర్చుకున్నాక సంపాదించుకున్న ఒంటరితనం అది. పెన్షన్ లాంటిది.

పెన్షన్ అంటే గుర్తొచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒంటరి మహిళలకు నెలకి 1000 రూపాయల భృతి మొదలుపెట్టింది. మంచి పనే. అందులో పెళ్ళికానివాళ్ళకి అర్హత పల్లెల్లో 30 ఏళ్ళు, పట్టణాల్లో 35 దాటడం. పట్నంలో ఇంకో ఐదేళ్ళు ఆశ పెట్టుకోవచ్చని కాబోలు. 2011 జనాభా లెక్కల్లోంచి తీసి మనం తరచుగా చెప్పుకునే 7 కోట్లకు పైగా ఒంటరి మహిళల లెక్కలో కూడా వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు, పెళ్ళే చేసుకోనివాళ్ళు ఒకే గంపలో ఉన్నారు. ఆ గంపకి పేరు 'లేకపోవడం'. మా అత్త ఒక్క పూట ఒంటరిగా ఉండి ఉండదు. ఆమె ఇంటికి సాయంత్రం లెక్కలకి వచ్చే పిల్లలతో వీధి నిండిపోయేది.

నా సిద్ధాంత వ్యాసం తెలుగు స్త్రీల నవలల మీద. నాలుగు వందల పేజీలు. వివాహం మీద ఒక అధ్యాయం, మాతృత్వం మీద ఒకటి, వైధవ్యం మీద ఒకటి, ఉద్యోగిని మీద ఒకటి. పెళ్ళి చేసుకోని స్త్రీ మీద ఒక్క ఉపశీర్షిక కూడా లేదు. దాన్ని రాస్తున్న నాలుగేళ్ళూ సెలవులకి భీమవరం వచ్చి అత్త ఇంట్లో, అత్త బల్ల మీద రాశాను. నాకూ పెళ్ళి కాలేదు. ముప్ఫై ఏడు. ఇంతకంటే నా గురించి ఇక్కడ అవసరం లేదు. ఆ బల్ల మీద కూర్చుని ఆ మనిషిని చూడకపోవడం ఎలా సాధ్యమైందో మాత్రం నాకు నేనే సంజాయిషీ చెప్పుకోవాలి.

ఒక వేసవిలో ధైర్యం చేసి అడిగాను. "అత్తా, నువ్వెందుకు చేసుకోలేదు?" అత్త మామిడికాయ ముక్కలు తుడుస్తోంది. "కట్నం కుదరలేదని చెప్తారు కదే అందరూ" అంది. "చెప్తారు. నిజమేనా?" "నేనే చెప్పాను వాళ్ళకి అలాగని. ఆ జవాబైతే ఇంక మళ్ళీ అడగరు. పాపం అనేసి వెళ్ళిపోతారు. ఇష్టం లేదంటే కూచుని మాట్లాడతారు." ముక్కలు జాడీలోకి వేస్తూ కాసేపాగి అంది, "లెక్కల్లో కూడా కొన్నిటికి నిరూపణ అక్కర్లేదమ్మడూ. అనుకుని మొదలుపెట్టడమే."

కట్నం కుదరలేదన్నది మా ఇంటికి కూడా అనుకూలమైన కథే. దాని వెనక ఇంకో కథ ఉంది. 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది వర్తించడానికి ఇంకో ఇరవై ఏళ్ళు, 2005 దాకా పట్టింది. అయితే మన రాష్ట్ర చట్టంలో ఒక మెలిక ఉండేది. ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి హక్కు లేదు. పెళ్ళి కాకపోవడం ఒక ఆడపిల్లకి లోపం కాకుండా అర్హత అవడం తెలుగునేల మీద అదే మొదటిసారేమో. మా మిగతా ఇద్దరు మేనత్తలకి అప్పటికే పెళ్ళిళ్ళయ్యాయి. ముప్ఫై రెండేళ్ళ మా అత్త ఒక్కతే హక్కుదారు.

ఏం జరిగి ఉంటుందో డెల్టా ఇళ్ళు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రిజిస్ట్రారాఫీసులో హక్కు విడుదల దస్తావేజు మీద ఆమె సంతకం చేసింది. "నీకెవరున్నారు, మేమే కదా చూసుకునేది" అన్నారట అన్నదమ్ములు. ఆ అన్నదమ్ముల్లో నాన్న ఒకడు. తర్వాత ఆ చేను రొయ్యల చెరువయింది. హైదరాబాదులో నా చదువు ఆ చెరువు మీదే సాగింది. పితృస్వామ్యం గురించి నేను రాసిన నాలుగు వందల పేజీలకి కాగితం, హాస్టల్ ఫీజు, బస్సు చార్జీలు అక్కణ్ణించే వచ్చాయి. నాన్న చెడ్డవాడు కాదు. అక్కని ఏనాడూ మాట అనలేదు. ఆమెకి జ్వరం వస్తే రాత్రంతా కూర్చునేవాడు. ఆమె ఉండిపోయిన మనిషి గనక ఆమె వాటా కూడా ఉండిపోవలసిందేనని అతనికి ఎంత సహజంగా అనిపించి ఉంటుందో ఊహిస్తేనే నాకు భయం వేస్తుంది. ఈ విషయం మీద కథ ఏదైనా ఉందా అని వెతికాను. కట్నం మీద వందల కథలున్నాయి. పెళ్ళికాని అక్కచెల్లెళ్ళ చేత పెట్టించుకున్న సంతకం మీద నాకు ఇంతవరకూ దొరకలేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, చదవాలని ఉంది.

సంక్రాంతి మా ప్రాంతానికి అల్లుళ్ళ పండగ. 2022లో నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిందని దేశమంతా చెప్పుకుంది. ఆ పండగల్లో మా ఇంట్లో అత్త ఏం చేసేదో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. మొదట వంటింట్లో ఉండేదనుకున్నాను. త్యాగమయి మూస నా బుర్రలో కూడా అంత గట్టిగా ఉంది. అత్త అసలు ఊళ్ళోనే ఉండేది కాదు. సంక్రాంతి సెలవులకి తమ స్కూల్లోనే పనిచేసే తెలుగు పండిట్ టీచరుగారితో కలిసి ఎక్కడికో ప్రయాణమయ్యేది. హంపీ, కాశీ, ఒకసారి కన్యాకుమారి. ఫొటోలున్నాయి. ఇద్దరూ ఒకేలాంటి స్వెట్టర్లు వేసుకుని నవ్వుతూ ఉంటారు. వాళ్ళిద్దరి మధ్య ఏముంది అని నన్ను చాటుగా అడిగినవాళ్ళున్నారు. అది కూడా కారణం కోసమే అడుగుతున్నారనిపించి జవాబు చెప్పలేదు. చెప్పడానికి నాకు తెలీదు కూడా.

మన కవయిత్రుల చరిత్ర మొల్లతో మొదలుపెట్టడం అలవాటు. రామాయణంలో తన గురించి చెప్పుకుంటూ ఆమె తండ్రి కేసన సెట్టి పేరు చెప్పుకుంది, తాను కూతురినంది. భర్త ప్రస్తావన లేదు. పెళ్ళి చేసుకోలేదనే సంప్రదాయంగా చెప్పుకుంటారు. ఆ ఖాళీని పూరించడానికి మన వ్యాఖ్యాతలు వైరాగ్యాన్నీ భక్తినీ తెచ్చిపెట్టారు. మొల్ల మాత్రం తన గ్రంథంలో దానికి సంజాయిషీ ఏమీ రాయలేదు. ఆమె విద్యావినయాల మీద బోలెడు చర్చ చేసిన మనం ఈ మౌనాన్ని ఒక రచనా పద్ధతిగా చదవలేదు. నా థీసిస్‌ని పుస్తకంగా తెమ్మని గైడు అడుగుతున్నారు. తెస్తే ఈసారి అక్కణ్ణించి మొదలుపెట్టాలి. ఇందిరనీ సరితనీ కారణాలు పక్కన పెట్టి, వాళ్ళు రోజంతా ఏం చేశారో, జీతం ఎవరి చేతికి ఇచ్చారో, ఎవరితో నవ్వారో ఆ వాక్యాలే ఏరుకుంటూ మళ్ళీ చదవాలి.

పెద్దకార్యం అయిన మర్నాడు బీరువా తీశాం. చీరల కింద రిజిస్టరైన వీలునామా ఉంది. వీలునామా లేకపోతే పెళ్ళికాని స్త్రీ ఆస్తి తల్లిదండ్రులకి, వాళ్ళు లేకపోతే తండ్రి వారసులకి పోతుంది. అంటే మళ్ళీ అన్నదమ్ములకే. లెక్కల టీచరుకి ఈ లెక్క తెలీకుండా ఉండదు. జీతంలో కట్టుకున్న రెండు గదుల ఇల్లు తెలుగు పండిట్ టీచరుగారికి, ఆవిడ తదనంతరం స్కూలు లైబ్రరీకి. నా పేరు మీద బల్ల, పుస్తకాలు.

నాన్న ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. "ఆవిడకెందుకు రాసిందో ఎక్కడా రాయలేదేంటమ్మా?" అన్నాడు.

"రాయలేదు నాన్నా" అన్నాను.